తీపికుండ మీద వేలిముద్ర

స్థలం:
తేదీ:

ఎగువ పాఠశాల ప్రధానోపాధ్యాయిని చిరంజీవి సీతారత్నానికి,

నీకు అయిదేళ్లు తెలుగు చెప్పిన దక్షిణామూర్తి అనేక ఆశీస్సులతో వ్రాయునది.

పైన రెండు ఖాళీలు విడిచాను. ముప్పై నాలుగేళ్లపాటు, స్థలమూ తేదీ లేని ఉత్తరానికి సున్న మార్కులు వేసినవాణ్ణి. మరచిపోయి ఉంటానని అనుకోకు. వాటిని పూరించవలసినది నీవు. ఎందుకో చివరకు వచ్చేసరికి తెలుస్తుంది. గడచిన ముప్పై ఆరు రోజులలో నేను వ్రాసుకున్న దినచర్యలో కొన్ని పుటలను ఎత్తి వ్రాసి పంపుతున్నాను. వాక్యాలను సరిదిద్దాను గాని, అందులో నేను చేసిన తప్పులను అలాగే ఉంచాను.

ఒకటి. గడువుకు నలభై రోజులు

ఉదయం సముద్రం వెనక్కు తీసిన వేళ గట్టు అంచున కూర్చుని పళ్లు తోముకోవడం నా అలవాటు. బాగా తీసిన రోజున మన బడి జెండా కర్ర కొన మూరెడు పొడవున బయటపడుతుంది. ఈ రోజు జానెడే కనిపించింది. దాని కింద ఎక్కడో మన పదో తరగతి గది, నల్లబల్ల, నీవు మేకుతో కిటికీ రెక్క మీద గీకిన నీ పేరు ఉన్నాయి. అందులో దీర్ఘం లోపించిందని ఆనాడు నిన్ను ఒక పీరియడు నిలబెట్టాను. ఇప్పుడు దానిని చేపలు చదువుకుంటున్నాయి.

నేను నోరు పుక్కిలిస్తూ ఉండగా మాణిక్యం వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, బడిలో నీళ్ల కుండ చూసుకునే ఆయా అచ్చియ్యమ్మ కూతురు, నీకంటే రెండు తరగతులు చిన్నది. తల్లి పోయిన తర్వాత, తమ్ముడు గవర్రాజుతో కలిసి మా గట్టు మీద తీపికుండల ఆవం నడుపుతున్నది. ఆ కుండ లోపలి గోడకు పట్టిన పచ్చని పాచి ఉప్పును తినేస్తుంది. సాయంత్రం పోసిన ఉప్పునీరు మరునాటికి తియ్యనవుతుంది. మా గట్టు మీద రెండు వందల ఇళ్లవారమూ ఆ నీరే త్రాగుతున్నాము.

ఆమె చేతిలో హక్కుల కచేరీ వారి నోటీసు ఉంది. ఎగువ పట్నంలోని ఒక కంపెనీ "మట్టిపాత్రలో సజీవపు పొరచే ఉప్పునీటిని తియ్యపరచు విధానము" తమదేనని పేటెంటు కోరింది. నలభై రోజులలో అడ్డు చెప్పేవారు లేకపోతే హక్కు పుడుతుంది. హక్కు పుట్టిన క్షణాన మాణిక్యం ఆవం చల్లారిపోతుంది. ఆవానికీ, కుమ్మరి సారెకూ, పడవ యంత్రానికీ, చివరకు వల అల్లే మరకూ ఈ రోజులలో రూపాయంత మొహరు బిళ్ల ఉంటుంది కదా. ఏ పని ఎవరి హక్కో అది ఎరుగును, హక్కు లేనివారి చేతిలో పనిని ఆపేస్తుంది. నిరుడు మా వలలమర అలాగే సగం అల్లికలో ఆగిపోయింది. ఆ సగం వల ఈనాటికీ దండెం మీద వేలాడుతూనే ఉన్నది.

నోటీసులో రెండు సంధి దోషాలు ఉన్నాయని ఆమెకు చూపించాను. ఆమె వాటిని చూడలేదు.

"మా ఆవం ఆరిపోద్దాండీ, మాస్టారూ?" అని అడిగింది.

రెండు. గడువుకు ముప్పై ఆరు రోజులు

పేటెంటు ప్లీడరు హరనాథ్ గారు పడవ మీద వచ్చారు. ఆవం పక్కన నులక మంచం వేసి కూర్చోబెట్టాము. ఆయన కంపెనీ కుండ ఒకటి వెంట తెచ్చి మూత తీశారు. అడుగున నల్లని జిగురు, పైన చేదు వాసన. సంతలో మాణిక్యం అమ్మిన కుండనే కొని, పగులగొట్టి చూసి, కొలిచి, యంత్రాలతో అచ్చు గుద్దినట్లు చేశారట. ఎందుకో గాని వారి కుండ రెండు మూడు రోజులకే చేదెక్కుతున్నది. మీ గట్టుకు వారు పంచిన కుండలూ అలాగే ఉన్నాయనీ, పిల్లలు గుక్క త్రాగి ఉమ్మేస్తున్నారనీ నీవు వైశాఖంలో వ్రాసిన సంగతి నాకు గుర్తు వచ్చింది.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. ఊరుకుంటే ఆవం పోతుంది. ఊరుకోకుండా మాణిక్యమే పేటెంటుకు పోటీ వేస్తే, కచేరీ వారు పరీక్ష పెడతారు. ఎవరి కుండ పని చేస్తే హక్కు వారిది. ఆ పరీక్షలో కంపెనీ నిలవదు. అప్పుడు ఇరవై ఏళ్లపాటు ఈ కుండ చేసే అధికారం మాణిక్యానికి తప్ప మరెవరికీ ఉండదు.

గవర్రాజు ముఖం వెలిగిపోయింది. అతను పడవలో కుండలు వేసుకుని గట్టు గట్టుకూ తిరిగి అమ్మేవాడు. కిందటి వానాకాలం కంపెనీ పడవ అలకు అతని పడవ ఒరిగి, నలభై కుండలు నీళ్ల పాలయ్యాయి.

తర్వాత హరనాథ్ గారు రెండో సంగతి చెప్పారు. ఏటేటా రుసుము కట్టాలి, అది ఏటేటా పెరుగుతుంది. ఒక్క ఏడు తప్పితే హక్కు వేలానికి వెళుతుంది. ఆ వేలంలో ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో మనకు తెలిసినదే. ఎవరైనా దొంగచాటుగా చేస్తే పట్టుకోవలసినదీ, కచేరీకి ఈడ్వవలసినదీ మనమే.

మూడో దారి కూడా ఉన్నదట, బహిరంగ పఠనం. విధానమంతా జనసమక్షంలో చదివి వినిపిస్తే అది అందరిదీ అయిపోతుంది, ఇక ఎవరికీ పేటెంటు పుట్టదు. "అది వ్యాపారస్తులు చేసే పని కాదులెండి" అని ఆయన నవ్వి, ఆ మాటను అక్కడే వదిలేశారు.

దరఖాస్తుకు వివరణ పత్రం కావాలి. అందులోని వాక్యాలను మాత్రమే చదివి, ఈ కుండను ఎన్నడూ ఎరుగని కచేరీ పనివాడు కుండ చేయగలగాలి. అదే పరీక్ష. ఆ పత్రం నేను వ్రాస్తానన్నాను. ఒక్క అక్షరం కూడా ఎవరూ దిద్దనవసరం లేకుండా వ్రాస్తానన్నాను. ఆ రోజు ఎంతో సంతోషంగా ఇంటికి వచ్చానని ఒప్పుకోవాలి. పదవీ విరమణ తర్వాత నన్ను ఎవరైనా ఏదైనా వ్రాయమని అడగడం అదే మొదటిసారి.

మూడు. గడువుకు ముప్పై ఒక్క రోజు

మాణిక్యం చెబుతుంటే నేను వ్రాసుకున్నాను. బంకమన్ను మూడు పాళ్లు, జల్లించిన ఊక ఒక పాలు. సారె మీద చేసి, నీడన ఆరబెట్టి, ఆవంలో కాల్చాలి. కాలినప్పుడు ఊక మండిపోయి గోడలో సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. తర్వాత పాత కుండలోని పాచిని గరిటెడు తీసి, కొత్త కుండ లోపల పూసి, ఉప్పునీరు పోయాలి. ఆ గరిటెడు పాచిని ఇక్కడ అందరూ తోడు అంటారు, పెరుగుకు తోడు అన్నట్లే. మూడు రోజుల నీరు పారబోసి నాలుగో రోజు నుంచి త్రాగాలి. లోపల ఎన్నడూ తోమకూడదు.

ఆ చివరి మాట దగ్గర నా కలం ఆగింది.

దరఖాస్తులో ఒక గడి ఉంది: "ఈ విధానమును మొదట కనుగొన్నవారెవరు? ఎప్పుడు?" మాణిక్యం "అమ్మేనండి" అన్నది. ఎప్పుడో తనకు తెలియదన్నది. నాకు తెలుసు. నా ట్రంకు పెట్టెలో బడి దినచర్య పుస్తకాలు పదకొండు ఉన్నాయి. బడి మునిగే రోజున బీరువాలో నుంచి నేను తీసుకున్నవి అవి మాత్రమే. గ్లోబు విడిచాను, గంట విడిచాను.

ఏడో పుస్తకంలో దొరికింది. నా చేవ్రాతే.

"వరండాలోని మంచినీళ్ల కుండ లోపల పచ్చని పాచి పట్టియున్నది. ప్రతి శనివారము తోమవలెనని ఆజ్ఞాపించియుంటిని. ఆయా అచ్చియ్యమ్మ పైభాగము మాత్రమే తోమి లోపల విడిచిపెట్టుచున్నదని తేలినది. కారణమడుగగా, నూతినీరు ఉప్పనైనను ఈ కుండలోని నీరు తియ్యగా నున్నదని పిల్లలు చెప్పుచున్నారని జవాబిచ్చినది. ఇది నిర్లక్ష్యము. మందలించితిని. కుండ పగులగొట్టించి కొత్తది తెప్పించితిని."

కింద తేదీ. దాని పక్కన నీలం సిరాలో అచ్చియ్యమ్మ వేలిముద్ర. ఆమెకు చదువు రాదు. తాను నిర్లక్ష్యం చేశానన్న వాక్యం కింద, నేను చూపించిన చోట, ఆమె బొటనవేలు ఆనించింది.

ఆ కుండ నాకు గుర్తుంది సీతారత్నం. దాని మీద ఆమె వరుసగా పిండిబొట్లు పెట్టేది. మధ్యాహ్నం గంట కొట్టగానే మీరు స్టీలు గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడేవారు. గ్లాసు నోటికి తగలకుండా ఎత్తి పోసుకోమని నేను, "పోనిద్దురూ, దాహం మీదున్నారు" అని ఆమె. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉండేవో మీకు తెలుసు. నాకు తెలియదు. నేను ఇంటి నుంచి మరచెంబులో నీళ్లు తెచ్చుకునేవాడిని.

పుస్తకం పట్టుకుని హరనాథ్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన పుట తిప్పి కూడా చూడలేదు. ఎంత పాత కాగితాన్నయినా, ఎవరి చేవ్రాతనయినా, ఏ తేదీతోనయినా యంత్రాలు నిమిషంలో పుట్టించగలిగిన నాటి నుంచి కాగితం మీది తేదీ కచేరీలో చెల్లదట. బ్రతికివున్న మనుషులు చెవులతో విన్నదే సాక్ష్యమట.

పదకొండు పుస్తకాలు. ప్రతి పుట మీదా తేదీ వేశాను. ఎర్ర సిరాతో కింద గీత గీశాను.

నాలుగు. గడువుకు పందొమ్మిది రోజులు

పరీక్షలో మన కుండ కూడా తప్పింది.

కచేరీ పనివాడు నా పత్రం ప్రకారమే చేశాడు. చదివేటప్పుడు ఎక్కడా తడుముకోలేదనీ, ఇంత స్పష్టమైన తెలుగు ఈ మధ్య చూడలేదనీ కచేరీ అధికారి వ్రాశారు. అయినా తోడు రెండో రోజుకే గోడను విడిచి అడుగుకు జారిపోయింది. నీరు చేదెక్కింది, అచ్చం కంపెనీ కుండలాగే. మళ్లీ ఒక్క అవకాశం ఉంది.

గవర్రాజు రేవుకు దిగాడు. పడవ తాడు విప్పుతూ, తనలో తాను అనుకుంటున్నట్లుగా, కుండ చేయడం వచ్చినవాళ్లకు రాయడం రాదు, రాయడం వచ్చినవాళ్లకు కుండ తెలియదు అన్నాడు. ఆ వాక్యంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మాణిక్యాన్ని మళ్లీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి వరకు చెప్పించాను. ఒక్క మాట తేడా లేకుండా ముందు చెప్పినదే చెప్పింది. దాచుకున్నదేమో అన్న అనుమానం ఒక్క క్షణం నాకు కలిగింది. కలిగినందుకు సిగ్గుపడ్డాను.

అయిదు. గడువుకు పదిహేడు రోజులు

నా ఇంటి కుండ అంచు పగిలింది. మాణిక్యం కొత్త కుండ చంకన పెట్టుకుని వచ్చింది. నేను అరుగు మీద పత్రాన్ని నలభయ్యోసారి చదువుతున్నాను. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి, అన్నం వార్చిన గంజి ఉందా అని అడిగింది. ఉందన్నాను. నేను చూస్తూ ఉండగా ఆ గంజిని కొత్త కుండలో పోసి, గోడలన్నింటికీ అంటేట్లు చుట్టూ తిప్పి, మూలన పెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాను.

"కుండకి గంజి పోస్తన్నానండి."

"ఎందుకు?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "కొత్త కుండకి గంజి పొయ్యరేటండీ ఎవరైనా? రెండు పూటలు ఉంచి పారబోస్తాం. కడగం. ఇది అందరికీ తెలిసిందే కదండీ, కూర కుండకైనా అంతే."

పత్రం మొదటి నుంచి చూశాను; అందులో గంజి అన్న మాటే లేదు.

ఆ గంజి గోడలోని రంధ్రాలలో ఇంకుతుంది. తోడు బ్రతకడానికి మొదటి మూడు రోజుల తిండి అదే. కంపెనీ యంత్రాలకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే కొలిచినప్పుడు కుండలో గంజి లేదు. నా పత్రానికీ తెలియదు, ఎందుకంటే మాణిక్యానికి అది ఒక పనిగా తోచనే లేదు. కుండను రెండు చేతులతో ఎత్తాలని ఎవరైనా చెబుతారా? మా అమ్మ కూడా కొత్త కుండకు గంజి పోసేది. నేనూ చూశాను. చిన్నప్పుడు ఆ కుండ పక్కన కూర్చుని ఎక్కాలు వల్లె వేశాను. అయినా నాకూ గుర్తు రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత మా వంటింట్లో గంజి వాసన వేసింది. నా భార్య సుభద్ర పోయిన నాటి నుంచి నేను అన్నం వార్చి గంజి పారబోయడమే గాని, దానితో ఏదైనా చేయవచ్చునన్న సంగతే మరచిపోయాను.

ఆరు. గడువుకు పదకొండు రోజులు

పత్రంలో గంజి వాక్యం చేర్చాను; కచేరీలో ముందే కాల్చి ఉంచిన కుండతో జరిగిన రెండో పరీక్షలో మన కుండ నిలిచింది. హక్కు ఇక చేతికి అందినట్లే. మిగిలినది దరఖాస్తులోని చివరి గడి: "ఈ విధానమును ఇప్పటికే వాడుచున్నవారి పేర్లు." హక్కు పుట్టిన తర్వాత వీరందరూ మాణిక్యం అనుమతి పొందాలి, లేదా మానుకోవాలి. అనుమతి లేకుండా తోడు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమవుతుంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది, నేను వ్రాయడం మొదలుపెట్టాను. రేవు దాటించే నూకాలు. నూకాలు దగ్గర తోడు తీసుకున్న ఆమె తోడికోడలు. మసీదు తొట్టి దగ్గరి హుస్సేన్ బీ. ఆమె దగ్గర తీసుకుని తూర్పు గట్టుకు కాపురానికి వెళ్లిన పిల్ల, ఆ పిల్ల ద్వారా ఆ గట్టు అంతా. ఒక ఇంట్లో పాచి ఎండిపోతే మరో ఇంటికి గిన్నె పట్టుకుని వెళ్లడమే గాని, ఎవరూ ఎవరికీ లేదనలేదు. దీపాలు పెట్టిన తర్వాత మాత్రం ఇవ్వరు, పెరుగులాగే. మూడు కాగితాలు నిండాయి. పేర్లు ఆగలేదు.

ఒకచోట ఆమె ఆగి, "మీ పేరు కూడా రాసుకోండి మాస్టారండీ" అన్నది.

నేను ఈ గట్టు మీదికి వచ్చాకనే కదా కుండ కొన్నది అన్నాను.

"అప్పుడు కాదండి. మీరు బడి కుండ పగలగొట్టించారు చూడండి, అంతకు ముందురోజే అమ్మగారు గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చేరంట. మా అమ్మ తోడు పోసింది. మీ మరచెంబులో నీళ్లు ఆ కుండలోవేనండి."

"సుభద్ర నాకు చెప్పలేదు."

"చెప్పొద్దన్నారండి. తెలిస్తే తోమించేస్తారని."

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. నేను పగులగొట్టించిన కుండలోని తోడు నా ఇంట్లోనే బ్రతికింది. ప్రతి మధ్యాహ్నం మీరు వరుసలో నిలబడితే, నేను కుర్చీలో కూర్చుని శుచిగా త్రాగిన నీరు అదే. నాలుగో కాగితం మొదట నా పేరు వ్రాసుకున్నాను. ఇంటిపేరుతో సహా.

ఏడు. గడువుకు ఏడు రోజులు

ఆవం దగ్గర అక్కాతమ్ముళ్లు తేల్చుకున్నారు. నన్ను కూడా ఉండమన్నారు. పేటెంటు వద్దు, హరనాథ్ గారు నవ్వి వదిలేసిన మూడో దారే పట్టి పఠనం చేయిద్దామన్నది మాణిక్యం.

గవర్రాజు మాటలలో న్యాయం లేదని నేను అనలేను. నాలుగు కాగితాల మీది వాళ్లందరికీ మనమే ఉచితంగా అనుమతి ఇద్దామన్నాడు. ఏటేటా కొత్త ఇళ్ల పేర్లు ఎవరు వ్రాస్తారు, ఎవరు రుసుము కడతారు, ఒక్క ఏడు కుండలు అమ్ముడుపోకపోతే ఆ హక్కు కంపెనీకి పోదా అని అక్క అడిగింది. పోనివ్వనన్నాడు. పడవ ఒరిగిన రోజున కూడా పోనివ్వననే అన్నావు కదా అన్నది ఆమె, మెత్తగానే.

"ఇరవయ్యేళ్లు ఎవడికీ భయపడకుండా బతకొచ్చే అక్కా. ఒక్కసారైనా."

"గుమ్మంలోకి గిన్నె పట్టుకుని ఒకామె వస్తది. కాగితం ఏదీ అని అడగాలి. లేదంటే పొమ్మనాలి. నూకాల్ని పొమ్మంటావా నువ్వు? అను, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

అతను సారెను చేత్తో తిప్పాడు. ఉత్తి సారె తిరుగుతున్నది.

"చదివించేస్తే కంపెనీవాడూ చేస్తాడు. ఊరూరా చేస్తారు. ఇంక మన కుండే ఎందుకు కొనాలంట?"

హరనాథ్ గారు ఒకసారి చెప్పిన మాట నాకు గుర్తు వచ్చింది. విధానానికి పేటెంటు వేరు, సరుకు మీద వేసుకునే గుర్తు వేరు. గుర్తును నమోదు చేయడానికి ఖర్చు స్వల్పం, ఎవరి చేతి పనీ ఆగదు. సంచిలో ఏడో పుస్తకం ఉంది. ఆ రోజు ఎందుకు తెచ్చానో నాకే తెలియదు; బహుశా ఆ పుట వాళ్లకు చూపించి తప్పు ఒప్పుకోవాలని కావచ్చు. చూపించాను. నా వాక్యాన్ని నేనే చదివి వినిపించాను, "ఇది నిర్లక్ష్యము" అన్నదానితో సహా.

మాణిక్యం ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. గవర్రాజు పుస్తకం లాక్కుని ఎండకు పట్టాడు. నీలం ముద్రలో అడ్డంగా ఒక తెల్లని గీత ఉంది. అచ్చియ్యమ్మకు చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిన మచ్చ.

"అమ్మ వేలే" అన్నాడు.

తల్లిది మరో ముద్ర గాని, బొమ్మ గాని ఆ ఇంట్లో లేదు. అన్నీ నీళ్లలో పోయాయి. అతను తన బొటనవేలు ఆ ముద్ర మీద ఆనించి చూసుకున్నాడు. తర్వాత తడి మట్టి తీసుకుని, ఆ ముద్రను చూస్తూ, పుల్లతో అచ్చు చెక్కడం మొదలుపెట్టాడు. మూడు గంటలు పట్టింది. కొడవలి గీతను కూడా చెక్కాడు. ఇక మా గట్టు కుండ మెడ మీద ఈ ముద్ర ఉంటుంది. ఎవరి కుండయినా నీరు తియ్యబరచవచ్చు. పిల్లలు త్రాగేది చేదెక్కదని మాట ఇచ్చేది మాత్రం ఈ వేలు.

పడవ ఎక్కేముందు అతను వెనక్కి తిరిగాడు. "నాకిష్టం లేదని కూడా రాయండి మాస్టారండీ. అక్క మాట మీద ఒప్పుకున్నానని రాయండి."

వ్రాశాను.

ఎనిమిది. గడువుకు నాలుగు రోజులు

సీతారత్నం, ఇక నీ పని.

ఈ బహిరంగ పఠనం మా గట్టు మీద చెల్లదు; మా వాళ్ల చెవులు మాకు సాక్ష్యం కావట. ఈ వ్యాపారంలో భాగం లేనివారు నూరుగురు కూడిన చోట, భాగం లేని మనిషి, బ్రతికివున్న గొంతుతో చదవాలి. కచేరీ వినికిడి అధికారి వచ్చి కూర్చుంటారు. హరనాథ్ గారు ఏర్పాటు చేశారు. నీకు బడి ఉంది, బడిలో తల్లిదండ్రులు ఉన్నారు, వారి ఇళ్లలో చేదెక్కిన కంపెనీ కుండలు ఉన్నాయి. గడువు లోపల ఈ ఉత్తరం చదివితే కంపెనీకీ, మాణిక్యానికీ, మరెవరికీ పేటెంటు పుట్టదు. ఏ ఆవమూ ఆరదు. చదివిన చోటే ఈ ఉత్తరానికి స్థలం, చదివిన రోజే దీనికి తేదీ. అందుకే ఖాళీలు విడిచాను. కాగితం మీద నేను వేసే తేదీకి విలువ లేదని ఈ వయస్సులో నేర్చుకున్నాను. నీ నోట పుట్టిన తేదీకి ఉంటుంది.

ఈ కింది పేరాను ఉక్తలేఖనంలో చదివినట్లు, రెండు సార్లు, నెమ్మదిగా చదువు.

బంకమన్ను మూడు పాళ్లు, జల్లించిన ఊక ఒక పాలు కలపాలి. కుండ చేసి, నీడన ఆరబెట్టి, కాల్చాలి. అన్నం వార్చిన గంజి పోసి, లోపలి గోడలన్నింటికీ అంటేట్లు తిప్పి, రెండు పూటలు ఉంచి పారబోయాలి, కడగకూడదు. గరిటెడు తోడు పూసి ఉప్పునీరు పోయాలి. మూడు రోజుల నీరు పారబోసి, నాలుగో రోజు నుంచి త్రాగాలి. లోపల తోమకూడదు. తోడు అడిగినవారికి లేదనకూడదు.

చివరి వాక్యం విధానంలో భాగం కాదని హరనాథ్ గారు కొట్టివేశారు. నేను మళ్లీ వ్రాశాను.

ఉత్తరంతో పాటు ఒక చిన్న కుండలో తోడు పంపుతున్నాను. పడవలో తెస్తున్నవాడు గవర్రాజే. ఇష్టం లేకపోయినా తానే తెస్తానన్నాడు. అతనికి భోజనం పెట్టు. సభ దీపాలు పెట్టక ముందే జరగనీ, విన్నవారు గిన్నెలు పట్టుకుని వస్తే ఆ పూటే పోయవచ్చు.

ఇదంతా, నేను మందలించిన వాక్యంతో సహా, ఒక్క ముక్క విడవకుండా బిగ్గరగా చదవమని నా ప్రార్థన. మొదట కనుగొన్నవారి పేరు అచ్చియ్యమ్మ. ఆ పేరు వచ్చినచోట ఆగి, వెనుక వరుసలో కూర్చున్నవారికి వినిపించిందో లేదో అడిగి, వినిపించలేదంటే మరొక్కసారి పలికి, ఆ తర్వాతనే ముందుకు చదువు.